డిలీట్ టూల్‌కు వివరణ

వీడియో ప్రాజెక్టులు చూసుకునే ఏఐ ఏజెంటు కోసం డిలీట్ టూల్ వివరణ రాస్తున్నా. ‘ప్రాజెక్టును తీసేస్తుంది’ అని రాస్తే మనిషికి చాలు. ఏజెంటుకు చాలదు. టైమ్‌లైన్ ఒక్కటే పోతుందా, షూట్ చేసిన ఒరిజినల్ ఫుటేజీ కూడా పోతుందా? అదే క్లిప్పును ఇంకో ప్రాజెక్టు వాడుకుంటుంటే? రెండోసారి పిలిస్తే ఏమంటుంది? అన్నీ విప్పి చెప్పాలి. ఇక తీసేయడం పేరుతో కాదు, ఐడీతోనే. ‘శ్రీనివాస్ పెళ్లి’ పేరుతో ఎన్ని ఫోల్డర్లుంటాయో ఏ ఫొటో స్టూడియోలో అడిగినా చెప్తారు.

ఏఐ ఏజెంట్లను టూళ్లతో కలిపే ఎంసీపీ ప్రమాణంలో ‘డిస్ట్రక్టివ్ హింట్’ అని ఒక గుర్తుంది. మనమేమీ చెప్పకపోతే, ఈ టూలు చెరిపేసే రకమే అనుకోమంటుంది. ఆ అనుమానం నాకు నచ్చింది. కానీ అది ఉత్త సూచనే, ఏజెంటును ఆపలేదు. 2025 జూలైలో రెప్లిట్ అనే సంస్థ కోడింగ్ ఏజెంటు, కోడ్ ముట్టుకోవద్దన్నా వినకుండా ఒకాయన లైవ్ డేటాబేస్ తుడిచేసింది. అందుకే వివరణ ఎంత బాగా రాసినా, ‘నిజంగా తీసేయాలా?’ అని మనిషిని అడిగే పని టూలును నడిపే సర్వరుకే అప్పగించాలి.

అన్నట్టు, తీసేసిన ప్రాజెక్టును ట్రాష్‌లో ఉంచే గడువు 30 రోజులా, 90 రోజులా అన్నది మా టీములో ఇంకా తేలలేదు. పెళ్లయిన ఆర్నెల్లకు ఆల్బమ్ అడిగేవాళ్లను చూస్తున్నా కదా, నా ఓటు 90కే. అదీ తక్కువే.