కప్ప గొప్పా, పిట్ట గొప్పా?

ఊరు కదలని వాడిని "నూతిలో కప్ప" అనడం మనకి అలవాటు. సముద్రాలు దాటి వచ్చిన వాళ్ళం కనుక ఆ మాట కాస్త దర్జాగానే అంటాం. అయితే ఈ దేశపు అడవుల్లో వుడ్ ఫ్రాగ్ అని ఒక కప్ప ఉంది. దాని సంగతి వినండి.

రెండు మూడంగుళాల ప్రాణి. చలికాలం వస్తే ఎక్కడికీ పోదు. రాలిన ఆకుల కింద దూరి గడ్డకట్టేస్తుంది. ఒంట్లో నీరు మూడింట రెండు పాళ్ళ దాకా మంచవుతుంది. గుండె ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది. వార్డులో మనిషి అలా ఉంటే మా డాక్టర్లం టైము చూసుకుని సర్టిఫికెట్టు రాసేస్తాం. మంచు తగలగానే దాని లివరు రక్తంలోకి చక్కెర గుమ్మరిస్తుంది, మామూలుకి పదుల రెట్లు. అంత చక్కెరతో మనిషైతే కోమాలోకి పోతాడు. కప్పకి మాత్రం ఆ పాకమే రక్ష. వసంతంలో మంచు కరగగానే గుండె మళ్ళీ కొట్టుకుంటుంది. కప్ప మడుగు వేపు గెంతుతుంది, చాలామటుకు తను పుట్టిన మడుగుకే.

ఇక రెడ్ నాట్ అనే తీరపు పిట్ట. మన గోరింక పాటి ఉంటుంది. దీనికి ఏటా రెండు వేసవులు. దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగో నుంచి కెనడా ఉత్తరపు కొసకి సుమారు 15,000 కిలోమీటర్లు ఎగురుతుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. దూరప్రయాణం ముందు కడుపూ పేగులూ కుదించుకుంటుంది. మే నెలలో డెలావేర్ బే ఒడ్డున దిగి, హార్స్‌షూ పీతల గుడ్లు తిని, రెండు వారాల్లో బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. 1990లలో చేపల ఎర కోసం ఆ పీతల్ని విపరీతంగా పట్టారు, పిట్టలు తగ్గిపోయాయి. న్యూజెర్సీ 2008లో ఆ వేట ఆపింది. 2014లో ఫెడరల్ ప్రభుత్వం ఈ పిట్టని ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది.

ఏది గొప్ప? మా ఇంట్లో ఈ వాదన ఫోనులో నడుస్తూనే ఉంటుంది. "ఇక్కడికి వచ్చెయ్యండి నాన్నా" అని మేమంటాం. "మీరే వచ్చెయ్యండర్రా" అని వాళ్ళంటారు. మాకు తోచేది ఇది: కదలకుండా ఉండడమంటే ఊరికే ఉండడం కాదు, గుండె ఆపుకుని ఉండడం. ఎగిరిపోవడమూ సుఖం కాదు, పేగులు ముడుచుకుని ఎగరడం. కప్పకి ఆ మడుగు ఉండాలి, పిట్టకి ఆ ఒడ్డు ఉండాలి. మడుగు పూడ్చి పార్కింగు లాటు వేస్తే ఎంత చలికి ఓర్చినా కప్ప బతకదు. ఒడ్డున గుడ్లు లేకపోతే రెక్కలుండీ పిట్ట చేరదు. అక్కడ ఇల్లు కనిపెట్టుకుని ఉన్నవాళ్ళున్నారు కనుకనే మనం వలస పిట్టలం, లేకపోతే దారి తప్పిన పిట్టలం.

మార్చిలో అడవి మడుగుల దగ్గర బాతుల్లా అరిచేవి ఈ కప్పలే. మేలో వీలైతే పిల్లల్ని డెలావేర్ బేకి తీసుకెళ్ళండి. పిట్టల్ని బెదరగొట్టకుండా దూరం నుంచి చూడమనండి.