పచ్చబల్లి కావాలన్నాడు మావాడు

మా ఇంట్లో బల్లి అనగానే చీపురు గుర్తొస్తుంది. మీద పడితే తలస్నానం చేయడం, పంచాంగంలో ఫలితం చూసుకోవడం, కంచిలో బంగారు బల్లిని తాకొచ్చినవాళ్లు ఎవరున్నారా అని వెతకడం... రాజమండ్రిలో మా చిన్నప్పుడు ఇదంతా మామూలే. అలాంటి ఇంట్లో పుట్టిన మా తొమ్మిదేళ్లవాడు ఓ రోజు 'నాన్నా, మనం బల్లిని పెంచుకుందామా?' అన్నాడు. మా అమ్మ చేతిలోని కాఫీ ఒలికినంత పనైంది!

వాడు ఫోన్లో చూసింది పగటి బల్లిని. చిలకపచ్చ ఒళ్లు, వీపున ఎర్రచుక్కలు. మన గోడబల్లిలా రాత్రిళ్లు కాకుండా పట్టపగలు తిరుగుతుంది. మడగాస్కర్, మారిషస్ లాంటి దీవులు దాని పుట్టిళ్లు. మన అండమాన్‌లోనూ ఓ జాతి ఉంది.

'చూద్దాంలే' అన్నాను. వాడు ఆగలేదు. ట్యూబ్‌లైటు దగ్గర తిరిగే పిల్లబల్లిని పట్టి గాజుసీసాలో వేశాడు. మూతకు చిల్లులు పెట్టాడు, నాలుగు మెతుకులు వేశాడు, కిటికీలో పెట్టి బడికెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి ఎండకి అది చచ్చిపోయింది. తోక విడిగా పడుంది. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. సీసాని పొద్దున్నే చూసి కూడా ఊరుకున్న నాకూ ముద్ద దిగలేదు.

అసలు పెంచడమంటే ఏమిటో తెలుసుకుందామని ఇద్దరం కూర్చుని చదివాం. పగటి బల్లికి పొడవాటి గాజుగది కావాలి. నిలువుగా వెదురుబొంగులు, ఆకులు, నీళ్ల తుంపర్లు, ఎండలాంటి ప్రత్యేక దీపం ఉండాలి. పురుగులతోపాటు పండ్ల గుజ్జు, తేనెలాంటి తీపీ పెట్టాలి. ఒకే గదిలో రెండు మగవాటిని ఉంచితే కొట్టుకుంటాయి. చేత్తో పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. సాధారణంగా గుడ్లు రెండేసి పెడుతుంది. పెంకు కోసం ఆడబల్లి మెడ పక్కన సంచుల్లో సున్నం దాచుకుంటుంది. గుడ్డుకి తగిలే వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది!

చట్టం కూడా ఉంది. పగటి బల్లులు సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక, ఇలాంటి విదేశీ జీవుల్ని ఉంచుకున్నవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుడితే ఆ సంగతీ చెప్పాలి.

చదువుతుంటే మారిషస్ దగ్గర ఆగిపోయాను. పంతొమ్మిదో శతాబ్దంలో మన కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి కూలీలుగా ఓడలెక్కి వెళ్లింది అక్కడికే. అక్కడ తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు. ఇప్పటికీ ఉగాదికి ఆ దేశంలో సెలవు. మనవాళ్లు దిగిన నేల మీద చెట్టుచెట్టుకీ ఈ పచ్చబల్లులేనన్నమాట!

ఆ దేశానికి చెందిన రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవిలో గుంథర్ బల్లి ఉంటుంది. అదీ పగటి బల్లుల జాతే. కాకపోతే పచ్చగా ఉండదు, మన గోడబల్లిలా బూడిదరంగే. అడుగు పొడవు దాకా పెరుగుతుంది. మనుషులు వదిలిన మేకలు, కుందేళ్లు మన తాటిచెట్టులాంటి లటానియా మొక్కల్ని మేసేయడంతో దానికి నీడే కరవైంది. 1976లో గెరాల్డ్ డ్యూరెల్ ఆ దీవికెళ్లారు. అక్కడి నుంచి తెచ్చిన కొన్ని బల్లుల్ని జెర్సీలోని తన జంతుశాలలో పెంచి పిల్లల్ని చేయించారు. అది ముందుజాగ్రత్త. మరోవైపు దీవిలో మేకల్ని, తర్వాత 1986లో కుందేళ్లని పూర్తిగా తీసేశారు. చెట్లు మళ్లీ లేచాయి.

'అంటే ముందు దాని ఇల్లు బాగుచేయాలా?' అన్నాడు మావాడు. అవునన్నాను. పచ్చబల్లి మాట మళ్లీ ఎత్తలేదు.

దసరాకి బూజు దులుపుతుంటే తాతయ్య ఫొటో వెనక బఠాణీ గింజలంత తెల్లటి గుడ్లు రెండు కనిపించాయి. మా అమ్మ చీపురెత్తింది. 'నానమ్మా, వద్దు' అని అడ్డం నిలబడ్డాడు. అమ్మ సణుక్కుంటూనే ఆ ఫొటో ఒక్కటీ వదిలి మిగతా గోడంతా దులిపింది.

కొన్ని వారాలకి పెంకులు రెండూ ఖాళీగా కనిపించాయి. పిల్లలు ఎటుపోయాయో తెలీదు. మావాడూ వెతకలేదు.