ఎత్తేది వేరు, మోసేది వేరు

పిల్లలూ! మా ఇంటి వెనక షెడ్డులో నూరు కిలోల పాత లేతు మిషను ఒకటి ఉన్నది. దాన్ని నేను ఒక్కణ్ణే ఎత్తుతాను. అలా అని నన్ను భీముడనుకునేరు! నా బలగమంతా ఒక గడ్డపార, ఒక జాకీ, పాత దూలం కోయించిన కొయ్య దిమ్మెలు.

గడ్డపార మొనను మిషను అంచు కిందికి దూర్చి, మొనకు 4 అంగుళాల ఇవతల ఒక దిమ్మె ఆనిస్తాను. అక్కడి నుంచి 40 అంగుళాల దూరాన చేత్తో అదుముతాను. దూరం పదిరెట్లు గనక, ఒక పక్కనున్న 50 కిలోల బరువు 5 కిలోల ఒత్తిడికే లేస్తుంది. కాని నా చెయ్యి 10 అంగుళాలు దిగితే మిషను లేచేది ఒక్క అంగుళమే. ప్రకృతి మహా పిసినారి!

ఆ సందులో జాకీ పెడతాను. లారీవాళ్ళ దగ్గర మీరు చూసే ఉంటారు, నూనె జాకీ. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతోనే పనిచేసే ప్రెస్సుకు పేటెంటు పొందాడు. జాకీలో పెద్ద పిస్టను వ్యాసం చిన్నదానికి 4 రెట్లుంటే, దాని వైశాల్యం 16 రెట్లు, బలమూ 16 రెట్లే.

ఇంత బరువునూ నిలిపి ఉంచేది లోపలి నూనె. ఆ నూనెను ఆపేదేమో ఒక చిన్న వాషరు! అది చిట్లిందా, మిషను దిగిపోతుంది. అందుకే జాకీ ఎత్తటానికి మాత్రమే. మోయటానికి దిమ్మెలున్నాయి. రెండు నిలువుగా, వాటి మీద రెండు అడ్డంగా పేరుస్తాను. మిషను అంగుళం లేచినప్పుడల్లా కింద అంగుళం మందం పలక చేరుతుంది. దాన్ని కూడా కర్రతో తోస్తానే గాని చెయ్యి లోపలికి పోనివ్వను.

"ఇటుకలు పెట్టరాదా? మేడనే మోస్తాయి కదా!" అనవచ్చు మీరు. గోడలో బరువు ఇటుక అంతటా సమంగా పరుచుకుంటుంది. మిషను కాలు ఒక్కచోటే గుచ్చుకుంటే ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. కొయ్య అయితే ముందు నలుగుతుంది, కిర్రుమంటుంది, పక్కకు తప్పుకోవటానికి మనకు కాస్త వ్యవధి ఇస్తుంది.

మొన్న మా మనవరాలి బంతి మిషను కిందికి దొర్లింది. అప్పటికి దిమ్మెలు ఇంకా పెట్టలేదు, జాకీ ఒక్కటే ఉన్నది.

"తాతయ్యా, చెయ్యి పెడితే అందేస్తుంది!" అన్నది.

చీపురు కర్ర తెమ్మన్నాను. బంతి రావటానికి పావుగంట పట్టింది.