కొలువులోని అట్ట సిపాయిలు

గోదావరి సీమలో బొమ్మల కొలువు సంక్రాంతి వేడుక. భోగినాడు మెట్లు కట్టి, తెల్లని వస్త్రము పఱచి, మూడో అయిదో ఏడో వరుసలుగా బొమ్మలు నిలిపి, కనుమ వరకు సాయంకాలము హారతులిచ్చి, పేరంటాండ్రకు సెనగలును తాంబూలమును ఇచ్చు పద్ధతి సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. పై మెట్టు దేవతలది. నడిమి మెట్లు దశావతారములవి, పెండ్లివారివి. అడుగు మెట్టు ఊరిది. ఆ ఊరికి కావలి కాయుటకు సిపాయిలుందురు. మేము వ్రాయబూనినది వారిని గుఱించియే.

మా ఇంటి సిపాయిలు రెండు తెగలవారు. మొదటివారు బెజవాడ చెంతనున్న కొండపల్లి నుండి వచ్చినవారు. తేలికయైన తెల్లపొణికి కఱ్ఱతో అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పొడియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, పిమ్మట రంగులు వేయుదురు. వీరి కీర్తి లోకమెఱిగినదే. కనుక వీరిని దాటి రెండవ తెగకు పోవుదము.

రెండవవారు జానెడు పొడవుగల అట్ట సిపాయిలు. వారిని చేసినది మా మేనత్త. పదునొకండవ ఏట పసుపుకుంకుమలు పోగొట్టుకొని పుట్టినింటికి వచ్చిన ఆమె, డెబ్బది ఏండ్లు ఆ ఇంటనే గడపెను. మేము ముగ్గురక్కచెల్లెండ్రము ఆమె చేతులలో పెరిగితిమి. కొలువు పెట్టునపుడు ఆమె మెట్ల చెంతకు వచ్చెడిది కాదు. హారతివేళ పెరటి వసారాలో నుండెడిది. ఆమెను ఎవరైనను పొమ్మనుట మేమెన్నడును వినలేదు. నోట చెప్పనక్కఱలేని ఆచారమది.

అయినను ధనుర్మాసము ప్రవేశింపగానే ఆమె సిపాయిలను చేయ కూర్చుండెడిది. తాతగారి పాత చిట్టా పుస్తకముల అట్టలను రెండు మూడు పొరలుగా చింతగింజల జిగురుతో అంటించి, తిరుగటి రాతిక్రింద రెండు దినములుంచి, కత్తెరతో ఆకారము తీసెడిది. నిలుచుటకు కొబ్బరిమట్ట ముక్కను చీల్చి అందులో పాదములను దూర్చెడిది. ముఖమునకు సున్నము, మీసములకు కాటుక, చొక్కాకు బట్టలకు పెట్టు నీలిమందు, నడికట్టునకు పసుపు, తలపాగకు తుమ్మజిగురులో కలిపిన కుంకుమ. తన ముఖమునకు తాకరాని ఆ రెండు వస్తువులును ఆమె వ్రేళ్లకు అంటియుండుటను మేము దినదినమును చూచెడివారము. అందులో విశేషమేమియు మాకు అప్పుడు తోచలేదు. మాకు కావలసినది, ఈ ఏడు ఎందఱు సిపాయిలు పెరుగుదురన్నదే.

ఆమె ఏ సైన్యమును కన్నులార చూడలేదు. చూచినది తాలూకా కచేరినుండి తాతగారికి కాగితములు తెచ్చు బిళ్లబంట్రోతును మాత్రమే. అందుచేత మా సేనలో ప్రతి వీరుని ఎదపైనను ఏటవాలుగ ఒక పటకాయు, దాని నడుమ గుండ్రని ఇత్తడి బిళ్లయు నుండును. తుపాకి ఉండవలసిన చేతిలో పెక్కురకు కఱ్ఱ. ఒకనికి గొడుగు! చినుకులకు వెఱచు ఆ వీరుడనిన మాకు మిక్కిలి ప్రీతి.

ఇట్టి సిపాయిలు పరదేశములందును గలరు. ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు పట్టణమువారు నెపోలియను కాలపు సేనలను కాగితముపై గీసి, చేతితో రంగులు వేసి, కత్తిరించి నిలుపుటలో పేరుపొందిరి. 1796లో ఎపినాల్ పట్టణమున నెలకొన్న పెల్లెరిన్ ముద్రణాలయము సిపాయిల పటములను అచ్చువేసి అమ్మెడిది. వానిని అట్టకంటించి కత్తిరించుకొనుట పిల్లల పని. 1893లో ఇంగ్లండున విలియం బ్రిటన్ బోలుగా పోతపోసిన సీసపు సిపాయిలకు దారి తీసెను. కాగితపు సిపాయి ఆడినకొలదియు చినుగును. కనుకనే మిగిలిన కొలదిపాటి వానికై నేడు వెదకువారున్నారు. మా గొడుగు సిపాయినే కొనెదనని ఒక పెద్దమనిషి పట్టణమునుండి వచ్చెను. ఆయనకు కాఫీ ఇచ్చి పంపితిమి.

మేనత్త విడిచిపోయినవి నలువది. 1996 నవంబరు 6వ తేదీని కోనసీమపై విరుచుకుపడిన తుపానుకు ఇంటి పెంకులు లేచిపోయి, అటకపైని పెట్టె తడిసి, పదునేడు ముద్దయ్యెను. మిగిలిన ఇరువదిమూటి రంగులును వెలిసినవి. పసుపు వెలుగునకు నిలువదు. పసుపునకు సున్నము తగిలి ఎఱ్ఱనైనదే కుంకుమ గనుక, ఆ ఎఱుపును కాలక్రమమున మట్టివన్నెకు దిగెను.

ఇచటనే మాలో వాదము పుట్టెను. చిత్రలేఖనము నేర్చిన మా కోడలు మరల రంగులు వేయుదుననెను. మాలో పెద్దది వేయుమనెను. "మేనత్త ఉన్నన్నాళ్లు ఏటేట తానే మెఱుగు దిద్దెడిది. వెలిసిన సేనను కొలువున నిలుపుట ఆమెకు సమ్మతమా?" అని ఆమె మాట. తక్కిన ఇద్దఱము వలదంటిమి. క్రొత్త రంగు పడినచో ఆమె చేతి గీత అడుగున పడిపోవును. మాటలాడుకొనుచు బొమ్మలను వెనుకకు త్రిప్పి చూచితిమి. అన్నిటి వెనుకను తాతగారి చేతివ్రాత: పుట్లు, కుంచములు, పాలికాపుల లెక్కలు. గొడుగు సిపాయి వెనుక మాత్రము లెక్కల నడుమ పెన్సిలుతో, వంకర అక్షరములతో, మేనత్త పేరున్నది. ఆమెకు వ్రాయవచ్చునని మాకెవ్వరికిని తెలియదు.

దానితో వాదము తీఱినదని చెప్పలేము. పెద్దది నేటికిని తన మాటమీదనే ఉన్నది. పాతవానిని తాకక, పోయిన పదునేడింటికి బదులుగా కోడలు క్రొత్తవానిని చేయునట్లు మాత్రము ఒడబడితిమి. పసుపు, కుంకుమ, నీలిమందులతోనే చేయవలెను. ఇప్పటికి తొమ్మిది అయినవి.

ఇట్టి వస్తువులుగల సోదరీమణులకు ఒక మాట. మన సీమ తేమకు ప్లాస్టికు సంచి పనికిరాదు. లోపలి చెమ్మ లోపలనే ఉండును. పలుచని నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకును వసకొమ్మును మూటగట్టి పెట్టెలో నుంచుడు. ఎండబెట్టవలసినది పెట్టెనే గాని బొమ్మను గాదు.

పెట్టెను మేము పంచుకొనలేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట, ఈ మూడిండ్లకు ఏటొక ఇంటికి తిరుగును. ఈ ఏడు వంతు రాజోలుది. అచటనున్న మా నడిమి సోదరికి భర్త పోయి రెండేండ్లయినది. కొలువు పెట్టవచ్చునా అని ఆమె ఎవరిని అడుగలేదు. భోగికి ముందుగ వచ్చి మెట్లు కట్టుడని మాత్రము కబురంపినది. మేమిరువురమును పోవుచున్నాము. హారతి ఆమెయే ఇచ్చును. గొడుగు సిపాయిని ఏ మెట్టున నిలుపవలెనో ఇంకను తేలలేదు.