చేయి తిరిగేదాకా

రెండు రౌటర్లు, మధ్యలో ఒకే ఒక్క లింకు. ఇటునుంచి పింగ్ కొడితే అటునుంచి జవాబు వస్తోంది. ఐపీ అడ్రసుల్లో తప్పులేదు, ఏరియా నంబరు ఒకటే, టైమర్లు కలిశాయి. అయినా రౌటర్లు దారులు తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్‌లో నైబర్‌షిప్ లేవడం లేదు, ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే నిలిచిపోతోంది. ఓఎస్‌పీఎఫ్ అధ్యాయం మొత్తం కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ అరగంట పోగొట్టుకుంటారు. సంగతేమిటంటే ఒకవైపు ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌కు ఉండగల గరిష్ఠ పరిమాణం, 1500, రెండోవైపు 1400. ఓఎస్‌పీఎఫ్ రౌటర్లు డేటాబేస్ వివరాలు ఇచ్చిపుచ్చుకునే ప్యాకెట్‌లోనే తమ ఎంటీయూ ఎంతో రాసి పంపుకుంటాయి. తన హద్దుకు మించిన సంఖ్య కనబడితే అవతలి రౌటర్ ఆ ప్యాకెట్‌ను పక్కన పడేస్తుంది. మామూలు పింగ్‌కు ఈ లెక్కతో పనే లేదు, అందుకే అది హాయిగా వెళ్లివస్తుంది.

చెప్పేస్తే ఇంతే. ఇరవై ముప్పై డివైజులున్న టాపాలజీలో, గడియారం నడుస్తుండగా, ఇంకో నాలుగు తప్పుల మధ్య దీన్ని పట్టుకోవడం మాత్రం చదివితే వచ్చే విద్య కాదు. సిస్కో సర్టిఫైడ్ ఇంటర్నెట్‌వర్క్ ఎక్స్‌పర్ట్, అంటే కుర్రాళ్ల నోట్లో నానే సీసీఐఈ, కోరేది ఈ విద్యనే.

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, కండ్లకోయ, మైసమ్మగూడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోంచి ఏటా వేలమంది బయటికి వస్తారు. అందులో చాలామంది చూపు కోడింగ్ మీదే. నెట్‌వర్కింగ్ వైపు మళ్లేవాళ్లు తక్కువ. మళ్లినవాళ్లలో ఎక్కువమంది ముందు సిస్కోదే కింది మెట్టు సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ కొడతారు, 120 నిమిషాల పరీక్ష అది. ఏదో కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తూ, అలారం మోగిన లింకుకు టికెట్ రాసి పై టీముకు పంపుతుంటారు. ఆ పై టీములో కూర్చున్నవాడికి ఏం తెలుసో తనకూ తెలియాలన్న పట్టుదల పుట్టినప్పుడే సీసీఐఈ కల మొదలవుతుంది. దానికి ముందు ఏ సర్టిఫికెట్టూ ఉండనక్కర్లేదు. కోర్ రాతపరీక్ష పాసైతే ల్యాబ్ పరీక్షకు కూర్చోవచ్చు. అయితే ఐదు నుంచి ఏడేళ్ల అనుభవం ఉంటే మంచిదని సిస్కోయే చెబుతుంది. ఆ మాట తేలిగ్గా తీసుకున్నవాళ్లు తర్వాత బాధపడతారు.

పరీక్ష పుట్టింది 1993లో. పాసైనవాళ్లకు ఇచ్చే నంబర్లలో మొదటిది, 1024, మనిషికి కాదు, ల్యాబ్‌కే ఇచ్చారు. సిస్కో బయటివాళ్లలో మొదట నెగ్గిన టెర్రీ స్లాటరీకి దక్కిన నంబరు 1026. అప్పట్లో పరీక్ష రెండు రోజులు సాగేది. చెప్పినట్టు నెట్‌వర్క్ కట్టాక, రెండో రోజు పరీక్షకుడు దాన్ని కావాలనే పాడుచేసేవాడు. ఎక్కడ పాడైందో వెతికి బాగుచేయడం అభ్యర్థి వంతు. 2001 చివరి నుంచి అది ఒక్క రోజుకు, ఎనిమిది గంటలకు కుదిరింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన మార్పుతో ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ పరీక్షను రెండు భాగాలు చేశారు. మొదటి మూడు గంటలు డిజైన్, తర్వాతి ఐదు గంటలు కట్టడం, నడపడం, మెరుగుపరచడం. డిజైన్ భాగంలో డివైజు ముట్టుకునే పనే లేదు. ఒక కంపెనీ కథ, వాళ్ల ఈమెయిళ్లు, బొమ్మలు ముందు పెడతారు. వాటిని చదివి ఏది ఎందుకు చేయాలో తేల్చాలి. ముందుకు వెళ్లాక వెనక్కి తిరిగి జవాబు మార్చుకునే వీల్లేదు. కమాండ్లు మాత్రమే నేర్చుకుని వచ్చినవాడికి చుక్కెదురయ్యేది ఇక్కడే. ఈ మార్పు మంచిదే. నెట్‌వర్క్ ఎందుకు అలా ఉండాలో తెలియనివాడి చేతికి రౌటర్ ఇవ్వడం ప్రమాదం.

ఆ ప్రమాదం ఎంతటిదో 2021 అక్టోబర్ 4న లోకమంతా చూసింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు మాయమయ్యాయి. బ్యాక్‌బోన్ సామర్థ్యం కొలవడానికి మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ ఆ బ్యాక్‌బోన్ లింకులన్నిటినీ తెంపేసింది. ఇలాంటి కమాండ్లను ఆపాల్సిన తనిఖీ పరికరంలో లోపం ఉండి అదీ ఆపలేదు. డేటా సెంటర్లతో సంబంధం పోవడంతో డీఎన్‌ఎస్ సర్వర్లు తమ బీజీపీ ప్రకటనలు ఉపసంహరించుకున్నాయి. దాంతో ఇంటర్నెట్‌లో మిగతావాళ్లకు ఆ సంస్థ చిరునామా దారే తెలియకుండా పోయింది. బాగుచేయడానికి ఇంజినీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. ఒక్క మనిషి, ఒక్క కమాండ్ అని తేల్చేయడం న్యాయం కాదు. కానీ ఎంటర్ నొక్కేముందు ఆగి, దీనివల్ల ఇంకేం పోతుందని ఆలోచించే అలవాటు విలువ ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. సీసీఐఈకి కూర్చునేవాడు నెలల తరబడి సాధన చేసేది ఆ అలవాటునే.

మన కాలేజీలు ఆ అలవాటు నేర్పుతున్నాయా? జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 సిలబస్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ పుట తెరిస్తే బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, డైక్‌స్ట్రా అల్గారిథమ్, డిస్టెన్స్ వెక్టర్ రూటింగ్ కనిపిస్తాయి. వీటికి ప్రోగ్రాములు రాయాలి. ఇవి పనికిమాలినవేమీ కావు. ఓఎస్‌పీఎఫ్ దారి వెతికేది డైక్‌స్ట్రా లెక్కతోనే. అయితే ఆ లెక్కను ప్రోగ్రాముగా రాసిన విద్యార్థికి, అదే లెక్క నడుస్తున్న రౌటర్ ముందు కూర్చుని ‘షో ఐపీ రూట్’ కొట్టే అవకాశం నాలుగేళ్లలో ఒక్కసారైనా రావాలి కదా. చాలామందికి రాదు. రికార్డు రాయడం, సంతకం పెట్టించుకోవడం, వైవా చెప్పడంతో ల్యాబ్ అయిపోతుంది. విద్యార్థి తప్పు కాదిది.

అందుకే ఒకప్పుడు మేడ్చల్ కుర్రాళ్లకు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లే దిక్కు. 229 బస్సెక్కి సికింద్రాబాద్ వైపు పోవాలి, అక్కడినుంచి అమీర్‌పేటలోని మైత్రీవనం. పొద్దున బయల్దేరితే రౌటర్ల ర్యాక్ ముందు గంట కూర్చుని, ఇంటికొచ్చేసరికి రాత్రి. కాస్త డబ్బు కూడినవాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల తిరిగి పాత స్విచ్చులు, రౌటర్లు సంపాదించేవాళ్లు. అద్దెగదిలో వాటి ఫ్యాన్ల చప్పుడుకు పక్కవాళ్లకు నిద్రపట్టేది కాదు.

ఇప్పుడా తిప్పలు చాలా తగ్గాయి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, సీసీఎన్‌ఏ స్థాయికి అది సరిపోతుంది. పైకి వెళ్లాలంటే జీఎన్‌ఎస్3, ఈవ్-ఎన్‌జీ ఉన్నాయి, నిజమైన రౌటర్ సాఫ్ట్‌వేర్‌నే ల్యాప్‌టాప్‌లో నడిపించవచ్చు. కాకపోతే ఇప్పటి సిలబస్‌లో ఎస్‌డీ-వ్యాన్, ఎస్‌డీ-యాక్సెస్, పైథాన్ ఆటోమేషన్ కూడా చేరాయి. పెద్ద టాపాలజీ లేపాలంటే 16 జీబీ ర్యామ్ ఏ మూలకూ రాదు. ఆ కొరత తీర్చుకోవడానికి నలుగురు కలిసి పాత సర్వర్ ఒకటి కొనుక్కుని, వంతులవారీగా వాడుకోవడం తెలివైన పని.

సాధన ఎలా చేయాలన్న దగ్గరే దారులు చీలతాయి. కొందరు వర్క్‌బుక్ ముందు పెట్టుకుని అందులోని కమాండ్లు వరసగా కొడతారు. పింగ్ పోతుంది, సంతోషిస్తారు, తర్వాతి ల్యాబ్‌కు వెళతారు. ఇది సగం సాధన. మిగతా సగం, నిలబెట్టిన నెట్‌వర్క్‌ను స్నేహితుడికి అప్పజెప్పి, నువ్వు చెడగొట్టు అని బయటికి వెళ్లిపోవడం. తిరిగొచ్చాక కరెంటు పోతే లైన్‌మన్ ఒక్కో స్తంభం చూసుకుంటూ వచ్చినట్టు, కేబుల్ నుంచి మొదలుపెట్టి, వీలాన్, ట్రంక్, ఐపీ, రూటింగ్, ఫిల్టర్ అంటూ పొర తర్వాత పొర తేల్చుకుంటూ రావాలి. రెండు రౌటర్లకు ఒకే రౌటర్ ఐడీ, ట్రంక్ రెండు కొసల్లో వేర్వేరు నేటివ్ వీలాన్, బీజీపీలో ఎదుటివాడి ఏఎస్ నంబరులో ఒక అంకె తేడా, యాక్సెస్ లిస్టులో తిరగబడిన వైల్డ్‌కార్డ్ మాస్క్. ఈ చిన్నచిన్న తప్పులు వందసార్లు కంటబడితే నూటొకటోసారి లక్షణం చూడగానే జాడ దొరుకుతుంది. చివరికి కాన్ఫిగరేషన్ సేవ్ చేయడం కూడా సాధనలో భాగమే. రీబూట్ అయ్యాక నిలవని పని చేయని పనితో సమానం.

ఇంకో దారి డంప్స్. ప్రశ్నలు, జవాబులు ముందే అమ్ముతారు. రాతపరీక్షకే కాదు, ల్యాబ్‌కు కూడా. దొరికితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేయగలదు, మళ్లీ పరీక్షకు రానివ్వకపోవచ్చు. దొరకకపోయినా నష్టం తప్పదు. ఇంటర్వ్యూలో వైట్‌బోర్డు మీద రెండు రౌటర్లు గీసి, నైబర్ ఎందుకు లేవట్లేదని అడిగిన మొదటి ప్రశ్నకే నిజం బయటపడుతుంది. ఒకళ్లిద్దరు ఇలా పట్టుబడితే, రాత్రింబవళ్లు కష్టపడి పాసైన మరో పదిమంది నంబరును కూడా కంపెనీలు అనుమానంగా చూస్తాయి. డంప్స్ కొనేవాడు దోచుకునేది తన తోటివాళ్లనే.

డబ్బు మాట దాటవేయలేం. ల్యాబ్ ఫీజు రూపాయల్లో లక్ష దాటుతుంది. తప్పితే మళ్లీ పూర్తి ఫీజు కట్టాలి. “గిన్ని పైసలు పెట్టి రాస్తే నౌకరి వస్తదా బిడ్డా?” అని ఇంట్లో అడగడం సహజం. దానికి నిజాయితీగల జవాబు: సర్టిఫికెట్ ఒక్కటే తేదు, దానికోసం నేర్చుకున్న పని తెస్తుంది. ఉద్యోగంలో కుదురుకుని, వీలైతే కంపెనీ చేతే ఫీజు కట్టించుకుని రాయడం మేలు. చదువు అయ్యీ అవగానే అప్పు తెచ్చి రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకపోవడమే మంచిది.

శాశ్వత పరీక్షా కేంద్రం మనకు దగ్గర్లో ఉన్నది బెంగళూరులో. చాలామంది ఓ రోజు ముందే కాచిగూడ నుంచి బయల్దేరతారు. పరీక్ష గదిలో సిస్కో సొంత డాక్యుమెంటేషన్ తప్ప మరేదీ అందుబాటులో ఉండదు. అందులో కావాల్సిన పుట వెతకడం కూడా ముందే సాధన చేసి ఉండాలి. నెగ్గినవాళ్లు ఒక్క సంగతి తరచు చెబుతారు. ఐదు గంటల రెండో భాగంలో మొదట ప్రశ్నపత్రం మొత్తం చదివి, దేనిమీద ఏది ఆధారపడి ఉందో కాగితం మీద గీసుకోవాలి. ఒక ప్రశ్న దగ్గర చిక్కుకుపోతే వదిలి ముందుకు సాగాలి. ఎనిమిది గంటల్లో మనిషిని ఓడించేది ఎక్కువసార్లు తెలియకపోవడం కాదు, కంగారు. ఫలితం అప్పటికప్పుడు చేతికి రాదు. పాసైతే ఒక నంబరు ఇస్తారు, ఇప్పటికి ఆ నంబర్లు అరవై వేలు దాటాయి. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు, కానీ మూడేళ్లకోసారి అర్హత నిలబెట్టుకోకపోతే సర్టిఫికెట్ చెల్లదు.

పని దొరుకుతుందా అని దిగులు పడనక్కర్లేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. అంతదూరం పోకుండానే, శామీర్‌పేట అవతల జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, మేడ్చల్ హైవే వెంట గోదాములు, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటన్నిటి వెనకా అర్ధరాత్రి లింకు పడిపోతే లేపేవాడు ఒకడు ఉండి తీరాలి.

కాబట్టి మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఉన్న కాలేజీల యాజమాన్యాలకు ఒక్క విన్నపం. నెట్‌వర్క్స్ ల్యాబ్‌కు సాయంత్రం ఐదింటికి తాళం వేయకండి, తొమ్మిదింటిదాకా తెరిచి ఉంచండి. నాలుగు పాత స్విచ్చులు, ఒక సర్వర్ పెట్టించండి. వారానికి ఒక చెడగొట్టిన టాపాలజీ విద్యార్థుల ముందు పెట్టి, బాగుచేసినవాడికి ఇంటర్నల్ మార్కులు వేయండి. ఈ సెమిస్టర్ నుంచే మొదలుపెట్టండి.