రెండో నోరు చూసుకోకుండా దూరొద్దు



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్ బండి కొన్నానని ఫోటో పెట్టాడు. అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం, నేనూ పెట్టా. ఆ ఫోటోలో బండికి ఎడమ అద్దం లేదు, తమ్ముడి తలకి హెల్మెట్ లేదు. ఆ రోజే రాయాలనుకున్నా, పరీక్షలు అడ్డమొచ్చాయి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను నెల్లూరు హాస్టల్లో ఉంటా. ఇల్లు ముత్తుకూరు అవతల మన కాలనీలో. ఆ రోడ్డు సంగతి అటువైపోళ్ళకు చెప్పే పని లేదు. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైన కాడ్నించి బొగ్గు లారీలు, ఎరువుల లారీలు, పంటపాళెం నూనె ట్యాంకర్లు. వాటి మధ్యలో రొయ్యల వ్యాన్లు, కోతలప్పుడు వడ్ల ట్రాక్టర్లు. వాటి సందుల్లో మనం.

పోయినేడు కార్తీక మాసంలో ఒక శనివారం. ముసురు పట్టి ఉంది. మా మావ పాత బండి మీద నేను, వెనక చెల్లి. తను ఇంటర్ చదువుతోంది, తన హాస్టల్ కాడ ఎక్కించుకున్నా. సగం దూరం పోయేసరికి లారీలన్నీ లైను కట్టి, నడిచే మనిషి కంటే నిదానంగా కదులుతున్నాయి. ఇంత నిదానంలో ఏమవుతుందిలే అనుకున్నా. అక్కడే తప్పు చేశా. ఒక పెద్ద ట్రైలర్ ఎడమ పక్కన, మార్జిన్‌కి దానికి మధ్య సందు కనిపించింది. దూర్చా.

సగం దాటామో లేదో ట్రైలర్ ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. పక్కన ఏదో యార్డు గేటు ఉంది, నేను చూడలేదు. ముందు టైర్లు మాకు దూరంగానే పోయాయి. వెనక టైర్లు మాత్రం ఆ దారిలో రాలేదు, లోపలికి కోసుకుంటా మా మీదికి వచ్చాయి. పొడుగు బండి తిరిగితే ఎప్పుడూ అంతే, వెనక టైర్లు మలుపుని కత్తిరించుకుంటా వస్తాయి. నాకు ఆ రోజు దాకా తెలీదు. ముందుకి దారి లేదు, వెనక్కి ఆటో ఉంది. భయంతో హ్యాండిల్ తిప్పి ముందు బ్రేకు గట్టిగా పట్టా. బండి ఎడమకి పడిపోయింది. మార్జిన్ బురదలో పడ్డాం కాబట్టి సరిపోయింది. అదే కుడికి పడుంటే ఈ పోస్టు లేదు. చెల్లి పిక్క సైలెన్సర్‌కి తగిలి కాలింది, ఇప్పటికీ మచ్చ ఉంది.

టీ బంకు దగ్గరున్న వాళ్ళు లారీ బాడీ మీద కొట్టి అరిస్తే డ్రైవర్ ఆపాడు. పెద్దాయన. కొడతాడనుకున్నా. దిగొచ్చి, చెల్లి కాలు మీద నీళ్ళు పోయించి, నన్ను క్యాబిన్ ఎక్కించి తన సీట్లో కూర్చోబెట్టాడు. "నీ బండి యాడుందో చూపీరా అబ్బయా" అన్నాడు. అద్దంలో చూశా. కిటికీలోంచి చూశా. బండి అక్కడే పడుంది, నాకు కనపళ్ళేదు. ముందు అద్దంలోంచి చూస్తే బంపర్ ముందు నిలబడిన చెల్లి కూడా కనపళ్ళేదు. "ఎడం పక్కకి ఒకప్పుడు క్లీనర్ ఉండేవాడు, చెప్పేవాడు. ఇప్పుడు నేనొక్కణ్ణే" అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు.

ఇంటికెళ్ళి నాయనకి చెప్పా. నాయన బండి ఎప్పుడూ నడపలేదు. అంతా విని, "రెండో నోరు చూసుకున్నావా?" అన్నాడు.

ఎలుకలు పట్టేవాళ్ళని మనల్ని ఎంతమంది వెక్కిరించారో మీకు తెలుసు. నేనూ హాస్టల్లో ఈ మాట దాచిపెట్టుకునేవాణ్ణి. కానీ కలుగుకి ఒక్క నోరే ఉండదని, మిగతా నోళ్ళు యాడున్నాయో వెతికి మూసిందాకా కుండలో పొగ పెట్టకూడదని, చూడని కలుగులో చెయ్యి పెట్టకూడదని మన పెద్దలకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? రెండు లారీల మధ్య సందు కూడా కలుగే. అవతల యాడ తేలతామో కనిపిస్తేనే దూరాలి. మధ్యలో లైను కదిలితే పక్కకి తప్పుకునే చోటుందా చూడాలి. రెండిట్లో ఏది లేకపోయినా వెనకే ఆగాలి. ఆగినప్పుడు కూడా డ్రైవర్ మొహం అతని అద్దంలో నాకు కనిపించేంత దూరంలో ఆగుతా. అతని మొహం నాకు కనపడకపోతే నేను అతనికి కనపడనట్టే.

నెల్లూరు లోపల లారీల కంటే బస్సులు, ఆటోలతో తంటా. ఆగిన బస్సుకి ఎడమ పక్కన అసలు పోవద్దు, మనుషులు చూడకుండా దూకుతారు. గాంధీ బొమ్మ, వీఆర్సీ సెంటర్ దగ్గర ఆగిన బండ్ల మధ్యలోంచి హఠాత్తుగా మనిషి వస్తాడు, కాబట్టి లైను ఆగి ఉన్నా వేలు బ్రేకు మీదే ఉండాలి. వానొస్తే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో నీళ్ళు నిలుస్తాయి, కింద గుంట ఉందో రాయి ఉందో తెలీదు. చుట్టు తిరిగి పోతే పది నిమిషాలు పోతాయి, అంతే. రొట్టెల పండగ రోజుల్లో అయితే స్వర్ణాల చెరువు దరిదాపుల్లోకి బండి తీసుకెళ్ళడమే దండగ. దూరంగా పెట్టి నడవండి.

నిదానంగా నడపడం స్పీడుగా నడపడం కంటే కష్టం. మొదటి గేరు, హాఫ్ క్లచ్, ఎక్సలేటర్ సన్నగా, వెనక బ్రేకు కొద్దిగా నొక్కిపట్టి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టొద్దు. ముందు టైరు వైపు చూస్తే అటే పడతాం, దూరంగా చూడాలి. కాళ్ళు రెండూ కిందకి వేలాడేసి ఈడ్చుకుంటా పోయేవాళ్ళని చూస్తుంటా, ఆ కాలు మీదికి ఆటో టైరు ఎక్కితే? కాళ్ళు పైన పెట్టండి, ఆగేటప్పుడే ఎడమ కాలు దించండి. రొయ్యల వ్యాన్ వెనక రోడ్డు తడిగా ఉంటే ఆ చారని తప్పించి నడపండి, అది నూనెలాగ జారుతుంది. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి ఏబీఎస్సో, రెండు బ్రేకులు కలిసి పడే సీబీఎస్సో ఉంటుంది. మన కాలనీల్లో తిరిగేవి ఎక్కువ అంతకుముందువే. వెనక కూర్చున్న అక్కాచెల్లెళ్ళు చున్నీ నడుముకి కట్టుకోండి.

ఇక లైసెన్సు. లేకుండా దొరికితే చట్టంలో 5,000 రూపాయలు రాసుంది. హెల్మెట్ లేకపోతే 1,000, వెనకున్న వాళ్ళకి కూడా. ఇవి మన ఇళ్ళల్లో ఎన్ని రోజుల కూలో లెక్కేసుకోండి. మా నాయనకి పుట్టినతేదీ లేదు. తుఫాను ఏడాదో, చెరువు తెగిన ఏడాదో అంటారు, అది కూడా ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు. ఎల్‌ఎల్‌ఆర్‌కి పోయినప్పుడు నా టెన్త్ సర్టిఫికెట్ తీసి ఇచ్చా, ఇంకేం అడగలేదు. మా ఇంట్లో పుట్టినతేదీ కాగితం మీదున్న మొదటి మనిషిని నేను. మీలో చాలామందికి ఆ కాగితం ఉంది. పెట్టెలో పెట్టుకుని ఏం చేస్తారు?

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మా కాలనీ వెనక గ్రౌండులో ఇటుకలు పెట్టి నిదానం పందెం పెడుతున్నా. బళ్ళో నిదాన సైకిల్ పందెం ఆడాం కదా, అదే. కాలు కింద పెట్టకుండా ఆఖర్న వచ్చినోళ్ళు గెలిచినట్టు. ఫోటో పెట్టిన తమ్ముడు తప్పకుండా రావాలి, ఎడమ అద్దం వేయించుకుని. హెల్మెట్ లేనోళ్ళకి నాది ఇస్తా, వంతులవారీగా పెట్టుకుందాం. పోయినసారి ఉత్తినే ఆడితే మా చెల్లే గెలిచింది. తనకి జనవరికి పద్దెనిమిది నిండుతాయి, టెన్త్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇప్పుడే తీయించి పెట్టుకుంది. అప్పటిదాకా గ్రౌండు దాటనివ్వను.