ఊరుకోని చేతులు

కరీంనగర్‌లో కొత్తగా రంగు వేయించిన కారు షెడ్డులోంచి బయటపడగానే ఇంటికి పోదు, కొండగట్టు పోతుంది. అంజన్న గుడి ముందు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, మధ్య మధ్య కుంకుమ బొట్లు, ముందర బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు, ఆపైన కొబ్బరికాయ. నీళ్లు బంపరు మీద చిందితే శుభమనే లెక్క. పవన్ కళ్యాణ్ కూడా తన ప్రచార బండి ‘వారాహి’ని 2023 జనవరి 24న పూజకు ఇక్కడికే తెచ్చారు. అంతకుముందు నెలంతా ఆ బండి రంగు మీదే రచ్చ. ఆలివ్ గ్రీన్ సైన్యం బండ్లకు తప్ప వేరేవాళ్లకు కుదరదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. అది ఆలివ్ కాదు, ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా శాఖ తేల్చాక గాని గొడవ సద్దుమణగలేదు. మనలాంటివాళ్లకు అంత తంటా లేదు. ఉన్న రంగే మళ్లీ వేయిస్తే ఎవరినీ అడగనక్కర్లేదు, మార్చితే మాత్రం ఆర్సీలో ఎక్కించుకోవాలి.

గుడికి పోతున్నామంటే పెయింటింగ్ ఉస్తాద్‌కు లోపల మంట. పైకి మాత్రం నవ్వుతాడు. “బొట్టు పెట్టురి సారూ, ఎవలొద్దన్నరు? గని అద్దానికి పెట్టురి.” భక్తికీ రసాయనానికీ ఇంతకంటే మంచి రాజీ నేను వినలేదు. తెల్ల కారు మీద, అదీ కొత్త పూత మీద, పసుపు పట్టిందంటే సబ్బుకు లొంగదు. ఎండకు మెల్లగా వెలిసిపోవాల్సిందే.

అసలు ఆ రంగు ఇంకా పచ్చిగానే ఉంటుంది. వేలు పెడితే అంటదు కాబట్టి ఆరిందనుకుంటాం. ఫ్యాక్టరీలో అయితే టైర్లూ సీట్లూ వైర్లూ ఏమీ లేని ఉత్త ఇనుప డొల్లను 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, రంగు అక్కడే గట్టిపడిపోతుంది. షెడ్డుకు వచ్చిన బండికి ఆ వేడి పెడితే డ్యాష్‌బోర్డు కరిగి ఒళ్లో పడుతుంది. అందుకే మంచి బూత్ ఉన్నచోట కూడా 60 డిగ్రీల దగ్గర ఆపుతారు. బూత్ లేనిచోట సూర్యుడే దిక్కు. పైన కొట్టే క్లియర్ కోటులో హార్డెనర్ కలుపుతారు కదా, ఆ రెండింటి కలయిక వారాల తరబడి నడుస్తూనే ఉంటుంది. లోపల మిగిలిన థిన్నర్ ఆవిరి కొంచెం కొంచెంగా బయటికి పోతూ ఉంటుంది. ఆ దారి మూయకూడదు. మైనం పాలిష్‌కు 30 నుంచి 90 రోజులు ఆగమని చెప్పడం అందుకే. కొత్త స్లాబుకు మేస్త్రీ మడులు కట్టి నీళ్లు నిలబెట్టినట్టే ఇదీ క్యూరింగే, కాకపోతే ఇక్కడ కావలసింది గాలి. ప్లాస్టిక్ కవరు కప్పి బండిని భద్రంగా దాచామనుకునేవాళ్లు ఆ గాలికే అడ్డం పడుతున్నారు.

ఈ ఓపిక సంగతి మన జిల్లాలకు కొత్తగా ఎవరో చెప్పాల్సింది కాదు. నిర్మల్‌లో బొమ్మ చేసే ఇంటికి పోయి చూడండి. తేలికైన పొణికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుతారు. అదే ముద్దతో సందులు పూడ్చి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, తెల్లసుద్ద పూసి, మళ్లీ ఆరబెట్టి, అప్పుడు గాని రంగు జోలికి పోరు. కారు షెడ్డులో జరిగేదీ అదే. లప్పం, వాటర్ పేపరు, ప్రైమర్, మళ్లీ పేపరు. పైగా ఇద్దరికీ రంగు చుట్టరికం కూడా ఉంది. నిర్మల్ బొమ్మలకు ఒకప్పుడు ఆకుల పసర్లు, రంగురాళ్ల పొడులు వాడేవారు, తర్వాత డ్యూకో రంగులు వచ్చాయి. ఈ డ్యూకో పుట్టిందే కార్ల కోసం. 1920ల దాకా అమెరికాలో కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, రంగు తడి ఆరని బండ్లతో గోదాములు నిండిపోయేవి. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో తెచ్చాక అది గంటల పనైంది. డెట్రాయిట్ కార్ల తొందర తీర్చిన రంగు నిర్మల్ చిలక రెక్కలకు చేరింది. ఆ బొమ్మలు చేసే నకాషీ పనివాళ్లు మాత్రం ఆ తొందరను దానితోపాటు తెచ్చుకోలేదు.

ఇక మన రోడ్ల దుబ్బ. ఇంత రకరకాల దుబ్బ ఒక్క ప్రయాణంలో దొరకడం వేరే దగ్గర కష్టం. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు. ఇక్కడి టాన్ బ్రౌన్ రాయి కాకినాడ రేవు దాటి చైనా దాకా పోతుంది, దాని పొడి మన బానెట్ మీద ఆగుతుంది. ఆ పొడిలోని స్ఫటికం గాజునే గీసేంత గట్టిది, పచ్చి రంగు దానికో లెక్క కాదు. పెద్దపల్లి దాటి రామగుండం వైపు పోతే బూడిద లారీలు, గోదావరిఖనిలో బొగ్గు మసి. గోదావరి దాటి ఆదిలాబాద్ చేరితే, పత్తి రోజుల్లో, గాలిలో నూగు. రంగు కొట్టేవాళ్లకు పత్తిమార్కెట్టు సందడి మొదలైందంటే షెడ్డు తలుపులు సందు లేకుండా మూసుకునే కాలం వచ్చినట్టే. తడి రంగు మీద ఒక్క పోగు వాలినా మళ్లీ పేపరు పట్టాలి.

ఇంత దుబ్బ చూసి ఓనరు చెయ్యి ఊరుకోదు. పొద్దున లేచి, కొత్త రంగు మురిపెంలో, భుజం మీది తువ్వాలతో బానెట్‌ను పొడిపొడిగా తుడుస్తాడు. నా లెక్కన కొత్త రంగును కాకుల కంటే, లారీల కంటే ఎక్కువ పాడుచేసేది ఈ ముద్దే. సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే సాలెగూడు లాంటి గీతలు గుండ్రంగా తేలతాయి.

కడగడమూ ఒక పనితనమే. మొదటి వారం నీళ్లు కూడా వద్దంటారు. తర్వాత పొద్దున్నే, నీడలో, రేకు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలినప్పుడు, పైపుతో సన్నగా పైనుంచి కిందికి ఉత్త నీళ్లు పారించాలి. 45 డిగ్రీల ఎండలో నిలబడ్డ బండి మీద నీళ్లు పోస్తే అవి పడ్డచోటే ఇగిరి మచ్చలవుతాయి. దుబ్బ తేలి జారిపోయాకే గుడ్డ పట్టాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్లు. ఒక తలుపు తుడిచాక గుడ్డను మంచినీళ్లలో జాడించి, అప్పుడు షాంపూలో ముంచాలి. అంతా అయ్యాక ఆ రెండో బకెట్ అడుగున వేళ్లు పెట్టి చూడండి. గరగరలాడే సన్నటి ఇసుక తగులుతుంది. ఒక్క బకెట్‌తో కానిచ్చి ఉంటే అదంతా తలుపు మీద రుద్దేవాళ్లమే. చక్రాల గుడ్డ వేరు, దాన్ని పైకి రానీయకూడదు. సర్ఫు, గిన్నెల సబ్బు, డ్రైవర్లు మెరుపు కోసం వాడే డీజిల్ గుడ్డ, ఇవేవీ వద్దు. బోరు నీళ్లయితే సున్నపు చుక్కలు కట్టకముందే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ ఉంటుంది చూశారా, అది టేపు వేసిన అంచుల దగ్గర కొత్త పూతను లేపినా లేపుతుంది. నెల దాకా అటు పోకపోవడమే మేలు.

చెట్టు నీడ విషయంలో నాకు ఇంకా మనసు తేలలేదు. ఎండ నుంచి కాపాడేదీ అదే, కాకుల్ని పిలిచేదీ అదే. రెట్టలోని ఆమ్లం ఎండ తోడైతే పూటలోనే రంగును కొరుకుతుంది. గోకకుండా, తడిగుడ్డ కాసేపు దాని మీద వేసి నానబెట్టి ఎత్తేయాలి. ఆదిలాబాద్ అడవి దారుల్లో వేసవి మొదట్లో ఇప్పచెట్టు కింద బండి ఆపితే ఇంకో తమాషా. తెల్లారేసరికి బండి నిండా తియ్యటి, జిగట పూలు. ఏరుకునేవాళ్లకు పండుగే, రంగుకు కాదు.

మైనం ఎప్పుడు పెట్టాలని అడిగితే మా ఉస్తాద్ తేదీ చెప్పడు, పండుగ చెప్తాడు. ఉగాదికి రంగు వేస్తే తొలి ఏకాదశి దాకా ఆగురి, దసరాకు వేస్తే సంక్రాంతి దాటనీయురి అంటాడు. చలిలో రంగు గట్టిపడటం నెమ్మదిస్తుంది, ఆదిలాబాద్ చలి సంగతి చెప్పేదేముంది. అందుకే అక్కడి బండి అయితే గడువు పొడిగిస్తాడు. “మీది ఆదిలాబాద్ దిక్కా సారూ? అయితే నాగోబా జాతర గూడ అయిపోనీయురి.”